నొట్టుస్వరాల దీక్షితులవారు

పద్ధెనిమిదవ శతాబ్ది చివరి సంవత్సరాలలో చెన్నపట్నపు సెంటుజార్జి కోటలో కుంపిణీవారి బ్యాండు మ్రోగుతూ ఉండేది. ఇత్తడి బూరలు, పిల్లనగ్రోవులు, తప్పెటలు కలిసి వాయించే ఆ మేళంలో ఇంగ్లండు కవాతు వరుసలున్నవి, ఐర్లండు పల్లెపాటలున్నవి, స్కాట్లాండు కొండసీమలలో జనులు కాళ్ళు చిందించి ఆడే ‘రీల్’ అనే నాట్యవరుసలు కూడ ఉన్నవి. కుంపిణీ సైన్యంలో స్కాట్లాండువారు తక్కువవారు కారు. మైసూరు యుద్ధాలలో ఆ కొండసీమ దళాలు పోరాడినవి. సీమ రైతులు దేవునివలె తలచిన మన్రో దొర గ్లాస్గో నగరంలో జన్మించినవాడు. మన కైఫీయతులను కూర్చి పెట్టిన మెకంజీ దొర లూయిస్ దీవివాడు. అట్టివారు తమ దేశం నుండి వెంట తెచ్చుకొన్న వరుసలను ఆ కోటలో విన్న శ్రోతలలో తిరువారూరు నుండి వచ్చిన ఒక యువకుడున్నాడు. అతడే తరువాతి కాలంలో సంగీత త్రిమూర్తులలో ఒకరుగా పూజలందుకొన్న ముత్తుస్వామి దీక్షితులు.

దీక్షితులవారి జన్మసంవత్సరం 1775 అని సాధారణంగా చెప్పబడుచున్నది. తండ్రి రామస్వామి దీక్షితులు. హంసధ్వని రాగాన్ని లోకానికి ఇచ్చినవారు ఆయనే అని సంగీతజ్ఞుల నమ్మకం. తమిళదేశంలో కాపురమున్నా ఆయన రచనలలో తెలుగు విరివిగా కనిపిస్తుంది. ఆయన నూట ఎనిమిది రాగాలతో తాళాలతో కూర్చిన మాలిక తెలుగులోనిదే. ఆనాడు కావేరీతీరంలో పాటకు భాష తెలుగు. నాయకరాజులు వెళ్ళిపోయి మహారాష్ట్ర ప్రభువులు వచ్చినా ఆ మర్యాద చెడలేదు. చాలకాలం సంతానం లేక, వైదీశ్వరన్ కోయిలలో ముత్తుకుమారస్వామిని సేవించిన పిమ్మట కలిగిన కుమారుడు గనుక తల్లిదండ్రులు ఆ పేరు పెట్టుకొన్నారు. పిమ్మట చిన్నస్వామి, బాలస్వామి అను ఇద్దరు తమ్ములు, బాలాంబాళ్ అను సోదరి జన్మించినారు.

మణలి ముద్దుకృష్ణ మొదలియారు చెన్నపట్నపు ధనికులలో ఒకరు. తిరువారూరు యాత్రలో రామస్వామి దీక్షితుల గానం విని, ఆ కుటుంబాన్ని పట్నానికి ఉత్తరాన ఉన్న తమ మణలి గ్రామానికి పిలిపించుకొన్నారు. ఆయన కుమారుడు వేంకటకృష్ణ మొదలియారు కుంపిణీవారి వద్ద దుబాసీ. దొరలతో రాకపోకలున్నవాడు గనుక దీక్షితులవారి కుమారులను కోటకు తీసికొనిపోయి బ్యాండు వినిపించెడివాడు. విన్న వరుసకు మాటలు కట్టించవలెనన్న ముచ్చట ఆయనదో, యువకుడైన ముత్తుస్వామిదో గాని, దాని ఫలంగా పుట్టినవే నొట్టుస్వర సాహిత్యాలు. ఇంగ్లీషువారి ‘నోట్’ అనే మాట మన నోళ్ళలో పడి ‘నొట్టు’ అయినది. ఇవి సుమారు నలభై.

వీనిలో ‘జగదీశ గురుగుహ’ అన్నది ‘లార్డ్ మెక్‌డోనాల్డ్స్ రీల్’ అనే స్కాట్లాండు నాట్యవరుస. ‘వందే మీనాక్షి’ అన్నది ఐర్లండులోని మాలో పట్టణపు విలాసపురుషుల పాట వరుస. త్రాగి, ఖర్చు చేసి, అప్పులపాలయ్యే కుర్రవాళ్ళను గురించిన పాట మధుర మీనాక్షికి స్తోత్రమైనది! ‘సంతతం పాహిమాం’ అన్నది సాక్షాత్తు ఇంగ్లండు రాజును దేవుడు కాపాడవలెనని పాడే వారి రాజగీతపు వరుస. దీక్షితులవారు రాజు స్థానంలో దేవిని నిలిపినారు. ఆయన జీవితమంతా నరస్తుతికి ఎంత దూరంగా ఉన్నారో తెలిసినవారికి ఈ మార్పు ఆశ్చర్యం కలిగించదు.

ఈ పాటల నిర్మాణం విద్యార్థులు గమనింపదగినది. పాశ్చాత్యుల మేజరు స్థాయిలోని స్వరాలు మన శంకరాభరణ స్వరాలతో సరిపోవును. అందువలన ఈ సాహిత్యాలన్నీ శంకరాభరణ స్వరాలలోనే నడుచును. అయితే రాగానికి ప్రాణమైన గమకం వీనిలో లేదు. స్వరం ఊగదు, జారదు. మెట్టుమీద అడుగు వేసినట్లు నిలిచి తరువాతి మెట్టుకు పోవును. పల్లవి, అనుపల్లవి, చరణం అనే విభాగం కూడ లేదు. వరుసను ఉన్నదున్నట్లు ఉంచి, దాని దీర్ఘస్వరాల మీద గుర్వక్షరాలు, పొట్టి స్వరాల మీద లఘువులు పడేటట్లు సంస్కృత పదాలను కూర్చినారు. రాజగీతానిది మూడు మాత్రల నడక, రీల్‌ది పరుగు. పరాయి నడకకు సంస్కృత సమాసాలను ఒదిగించుట ఛందస్సు ఎరిగినవానికే సాధ్యం. వీణమీద విలంబకాలంలో ఒక్కొక్క స్వరాన్ని నిదానంగా తీర్చిన మనిషి ఈ చిందులను కూడ అంతే శ్రద్ధతో చేసినాడన్నది మరువరాదు.

ఇవన్నీ మణలిలో, చిన్నతనంలోనే వ్రాసినవని పరంపరగా వస్తున్న మాట. దీనికి ఒక చిక్కున్నది. వీనిలో కొన్నింట ‘గురుగుహ’ ముద్ర కలదు. ఆ ముద్ర దీక్షితులవారికి తిరుత్తణిలో లభించినదని అదే పరంపర చెప్పుచున్నది. తిరుత్తణి కాశీయాత్రకు తరువాతి మాట. కనుక వరుసలు మణలిలో చెవిని పడినా, సాహిత్యాలలో కొన్నైనా తరువాతి కాలపువి కావలెను. కుర్రతనపు సరదా అని వీనిని తీసివేయుటకు ఇంక వీలులేదు. ప్రౌఢవయస్సులో కూడ ఆయనకు ఆ వరుసలు జ్ఞప్తికి వచ్చినవన్న మాట.

చిదంబరనాథయోగి అనే సన్యాసి మణలికి వచ్చి, ముత్తుస్వామిని తనతో కాశీకి పంపుమని అడిగినాడు. తండ్రి ఇష్టం లేకనే అంగీకరించినాడు. కాశీలో కొన్ని సంవత్సరాలుండి దీక్షితులవారు శ్రీవిద్యను ఉపాసించినారు. హిందూస్థానీ సంగీతాన్ని చెవినిండా విన్నారు. తరువాతి కృతులలో యమునాకల్యాణి, ద్విజావంతి వంటి రాగాలు ఆ వినికిడి ఫలాలే. గంగలో దిగినప్పుడు చేతికి ఒక వీణ దొరికినదని, దానిమీద రామనామం ఉన్నదని భక్తులు చెప్పుకొందురు. తిరిగివచ్చి తిరుత్తణిలో మాయామాళవగౌళ రాగాన మొదటి కృతి పాడినారు. కాంచీపురంలో ఉపనిషద్బ్రహ్మేంద్రుల సన్నిధిని కొంతకాలం గడిపి, పిమ్మట తిరువారూరు చేరినారు. కమలాంబ నవావరణ కృతులు అక్కడివి. తంబియప్పన్ అను శిష్యుని కడుపునొప్పి తీరుటకై గురుగ్రహాన్ని ప్రార్థించిన కృతితో నవగ్రహకృతులు మొదలైనవని కథ. తంజావూరు సోదరులు చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు నలుగురూ ఆయన శిష్యులే. కమలం అను నర్తకి కోసం తోడిరాగంలో తెలుగు పదవర్ణం కూడ రచించినారు.

ఇంట లేమి విడువలేదు. ఒకనాడు వంటకు గింజలు లేకపోగా ఆ కమలమే తన కంకణాలు కుదువపెట్టి తెచ్చెదనన్నదట. దీక్షితులవారు ఒప్పుకొనక లలితారాగంలో లక్ష్మీదేవిని పాడినారు. ఒక అధికారి రాక కోసం సమకూర్చిన సంభారాలు, అతడు రాకపోవుటచే ఆ ఇంటికి చేరినవని చెప్పుదురు. కథ నిజమైనా కాకున్నా, ఏ ప్రభువునూ ఆశ్రయించకుండ ఆ ఇల్లు నడచినదన్నది నిజం.

తమ్ముడు బాలస్వామి త్రోవ వేరు. బ్యాండు విన్న చెవితో ఊరుకొనక, మణలిలో ఒక ఐరోపావాని వద్ద సుమారు మూడేండ్లు వయొలిన్ నేర్చినాడు. ఆ వాద్యాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవాడు అతడే. స్కాట్లాండు ఫిడేలుగాడు నిలువబడి, వాద్యాన్ని గడ్డానికి ఆనించి, నాట్యమాడువారికై వాయించును. మనవారు చదికిలబడి, దాని కొనను పాదంమీద ఆనించి, తంత్రులను స-ప-స-పలకు శ్రుతిచేసి, వ్రేలిని తంత్రిమీద జార్చి గమకం పలికించినారు. అన్నగారు వరుసను తీసికొని మాట మార్చినారు. తమ్ముడు వాద్యాన్ని తీసికొని దాని పలుకే మార్చినాడు. మిశ్రణమన్న మాట నిజానికి తమ్ముని పనికే తగును. నేడు వయొలిన్ లేని కచేరి అరుదు. దానిని పరదేశపుదని ఎవరూ అనరు.

నొట్టుస్వరాల విషయంలో మాత్రం శ్రోతల అభిప్రాయాలు ఇప్పటికీ ఏకం కాలేదు. సంప్రదాయజ్ఞులు కొందరు వీనిని కచేరీలో పాడుటకు ఇష్టపడరు. ‘అక్షయలింగ విభో’ వంటి మహాకృతిలో శంకరాభరణపు లోతు విన్న చెవికి ఇవి ఒట్టి స్వరాల నిచ్చెనలవలె తోచునని వారి వాదం. ఇంకొందరు మరొక అడుగు ముందుకు వేసి ఇవి దీక్షితులవారివే కావందురు. ఆ మహానుభావుడు దొరల చిందులకు మాటలు కట్టునా అని వారి సంశయం. ఉపాధ్యాయుల మాట వేరు. గమకం పలుకని లేతగొంతుకకు శ్రుతి, లయ, సంస్కృత ఉచ్చారణ మూడూ ఒక్కసారిగా పట్టించుటకు వీనిని మించినవి లేవని వారు చెప్పుదురు. పిల్లలు వినీవినగానే అందుకొందురు. అమెరికాలో స్థిరపడిన స్వరకర్త కన్నికేశ్వరన్ 2008లో వీనిని ఆల్బముగా వెలువరించినాడు.

సంప్రదాయజ్ఞుల ఆక్షేపణలో సత్యం లేకపోలేదు. రాగదృష్టితో చూచిన ఇవి చిన్నవే. కాని కృతులని రచయిత అనలేదు, కృతిలక్షణమూ వీనికి పెట్టలేదు. గమకం వేసి రీల్‌ను రాగంగా చేయగల శక్తి ఆయనకు లేకపోలేదు, చేయలేదు. ఆ వరుసను దాని స్వభావంలోనే ఉండనిచ్చినారు. త్యాగరాజస్వామి ‘వరలీల గానలోల’లో ఆ పరదేశపు నడక ఛాయను తమదిగా చేసికొన్నారు. ఇద్దరూ ఒకే కాలంలో, కొద్ది ఆమడల దూరంలో ఉన్నవారే. ఒకరిది ఆతిథ్యం, మరొకరిది దత్తత అనవచ్చును.

బాలస్వామి ఎట్టయపురం సంస్థానంలో విద్వాంసుడుగా కుదురుకొన్నాడు. ఆ ప్రభువులు తెలుగు మాటలాడే నాయకులు. తమ్ముని చూడవలెనని దీక్షితులవారు బయలుదేరినప్పుడు త్రోవలో నేల ఎండి బీటలువారి ఉన్నది. ఆయన అమృతవర్షిణి రాగంలో పాడగా వాన కురిసినదని ఆ ప్రాంతంలో నేటికీ చెప్పుకొందురు. 1835లో దీపావళినాడు ఎట్టయపురంలోనే ఆయన పరమపదించినారు.

కృతులు చాలకాలం శిష్యుల కంఠాలలోనే ఉండినవి. బాలస్వామి దౌహిత్రుడై, ఆయనకే దత్తుడైన సుబ్బరామ దీక్షితులు 1839లో జన్మించినారు. చిన్నస్వామి మొదలియారు అను క్రైస్తవ విద్వాంసుడు మన కృతులను పాశ్చాత్యుల గీతల లిపిలో అచ్చువేయుటకు తన ధనాన్ని, కంటిచూపును ధారపోసినాడు. ఆయన ఒత్తిడిచే, ఎట్టయపురం ప్రభువు పోషణచే సుబ్బరాముడు తమ ఇంటి నిధిని బయటపెట్టుటకు అంగీకరించినారు. 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వెలువడినది. దీక్షితులవారి కృతులు రెండువందలకు పైగా అందులో స్వరసహితంగా ఉన్నవి. తమిళదేశపు నడిబొడ్డున అచ్చయిన ఆ మహాగ్రంథం తెలుగు భాషలో, తెలుగు లిపిలో ఉన్నది. తరువాతి కాలంలో హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ దానిని పునర్ముద్రించినది. దీక్షితులవారి కృతిని మూలంలో చూడగోరిన తమిళ విద్వాంసుడు తెలుగు అక్షరాలు నేర్వవలసి వచ్చేది. ఆ గ్రంథం తమిళంలోకి దిగుటకు చాల సంవత్సరాలు పట్టినది.