ఐన్‌స్టీన్ బడి మారిన కథ

మనలో చాలామందికి ట్రాన్స్‌ఫర్ కొత్త కాదు. అమ్మకో నాన్నకో ఆర్డరు వస్తుంది. సామాను సర్దుకుని, టీసీ పట్టుకుని మరో ఊళ్లో మరో బడిలో చేరతాం. ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ కూడా చిన్నతనంలో ఇలాంటి ఇబ్బందే పడ్డాడు.

ఆయన 1879 మార్చి 14న జర్మనీలోని ఉల్మ్ పట్టణంలో జన్మించాడు. మరుసటి ఏడాదే కుటుంబం మ్యూనిక్ నగరానికి మారింది. అక్కడ తండ్రి, బాబాయి కలిసి విద్యుత్ పరికరాల కర్మాగారం నడిపారు. 1888లో ఆల్బర్ట్ ఆ ఊళ్లోని గిమ్నాజియంలో చేరాడు.

గిమ్నాజియం అంటే ఏమిటో తెలుసుకుందాం. నేటి జర్మనీలో చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి వరకే పిల్లలందరూ కలిసి చదువుతారు. ఆ తర్వాత దారులు వేరవుతాయి. హౌప్ట్‌షూలె, రెయాల్‌షూలె అనే బడులు ముఖ్యంగా వృత్తి శిక్షణ వైపు నడిపిస్తాయి. గిమ్నాజియం యూనివర్సిటీ వైపు నడిపిస్తుంది. అన్ని దారులూ ఒకే చోట ఉండే గెజామ్ట్‌షూలె బడులూ ఉన్నాయి. గిమ్నాజియం చివర రాసే పరీక్ష అబిటూర్. మన పన్నెండో తరగతి బోర్డు పరీక్ష లాంటిది. ఐన్‌స్టీన్ కాలంలోనూ యూనివర్సిటీకి అదే రాచబాట.

1894లో తండ్రి వ్యాపారం దెబ్బతిని కుటుంబం ఇటలీకి వెళ్లింది. చదువు పాడవకూడదని పదిహేనేళ్ల ఆల్బర్ట్‌ను మ్యూనిక్‌లోనే ఉంచారు. ఒంటరితనం ఒకవైపు, బట్టీ చదువు, కఠిన క్రమశిక్షణ మరోవైపు. ఆ ఏడాది చివర్లో అతను బడి వదిలి ఇంటివాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. చేతిలో అబిటూర్ లేదు.

1895లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాశాడు. అప్పటికి వయసు పదహారే. గణితం, భౌతికశాస్త్రం బాగా రాశాడు కానీ మిగతా సబ్జెక్టులు సరిపోలేదు. సీటు రాలేదు. అయినా అక్కడి ప్రిన్సిపాల్ అతన్ని నిరుత్సాహపరచలేదు. ఆరావ్ పట్టణంలోని బడిలో చేరి చదువు పూర్తి చేసి రమ్మని దారి చూపాడు. ఆ బడి ఉపాధ్యాయుడు ఒకరు అతన్ని తమ ఇంట్లోనే ఉంచుకున్నారు. సొంతంగా ఆలోచించనిచ్చే ఆ బడి అతనికి ఎంతో నచ్చింది.

ఐన్‌స్టీన్ లెక్కల్లో తప్పాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. 1896లో ఆరావ్‌లో అతనికి బీజగణితం, జ్యామితిలో 6 వచ్చింది. అక్కడ 6 అంటే అన్నిటికన్నా మంచి గ్రేడు. నేటి జర్మనీలో మాత్రం 1 మంచిది, 6 అంటే తప్పినట్టే. తక్కువ వచ్చింది ఫ్రెంచిలో, 3.

అదే ఏడాది పాలిటెక్నిక్‌లో సీటు దొరికింది. తర్వాత 1905లో సాపేక్షతా సిద్ధాంతాన్ని ప్రకటించాడు. 1921 సంవత్సరపు భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి ఆయనకు దక్కింది. 1955 ఏప్రిల్ 18న అమెరికాలో కన్నుమూశాడు.

బడి మారినందుకు ఐన్‌స్టీన్‌కు కొంత కాలం పోయింది, కానీ దారి మూసుకుపోలేదు. దారి చూపిన ప్రిన్సిపాల్, చోటిచ్చిన ఇల్లు ఉన్నాయి గనుక. ఏడాది మధ్యలో మన తరగతికి ఎవరైనా కొత్తగా వస్తే, బెంచీ మీద కాస్త జరిగి చోటిద్దాం. మనమూ ఒకనాడు అలా వచ్చినవాళ్లమే.