సముద్ర మార్గాలు వెదికిన మాథ్యూ మౌరీ



కర్నూలు, కడప ప్రాంతాల సంఘాలకు సముద్రం కంటికి కనబడేది కాదు. అయినా 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన వానలు, 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్టను తెంచిన వానలు బంగాళాఖాతపు అల్పపీడనాలు తెచ్చినవే. ఆ సముద్రపు నీళ్లు ఎటు పారుతాయో పటాలకెక్కించిన వారిలో ముఖ్యుడు మాథ్యూ ఫాంటేన్ మౌరీ. 8వ కీర్తనలోని సముద్ర మార్గాలను గూర్చి బోధించేటప్పుడు మనం తరచు చెప్పుకునే పేరిది. ఆయన జీవితాన్ని పూర్తిగా తెలుసుకోవడం మేలు.

మౌరీ 1806లో అమెరికాలోని వర్జీనియాలో పుట్టాడు. 1825లో నౌకాదళంలో చేరి, ఓడపై భూమిని చుట్టి వచ్చాడు. 1839లో గుర్రపు బండి బోల్తాపడి కాలు విరిగింది. ఆ కుంటితనంతో ఓడ జీవితం ముగిసింది. 1842లో వాషింగ్టన్‌లో నౌకాదళపు పటాల కార్యాలయం ఆయనకు అప్పగించారు.

అక్కడ పాత ఓడల దినచర్య పుస్తకాలు మూలన పడి ఉన్నాయి. ఏ రోజున, ఏ చోట, గాలి ఎటు వీచింది, ప్రవాహం ఓడను ఎటు లాగింది అని నావికులు వ్రాసిన లెక్కలవి. వాటిని వేలకొద్దీ పోల్చి 1847లో గాలుల, ప్రవాహాల పటం అచ్చువేయించాడు. దాన్ని నమ్మి వెళ్లిన ఓడలు గమ్యాన్ని ఎన్నో రోజులు ముందుగా చేరాయి. 1853లో బ్రస్సెల్స్‌లో పలు దేశాలవారు కూడి, తమ ఓడలన్నీ ఒకే పద్ధతిలో లెక్కలు వ్రాయాలని ఒప్పుకున్నారు. 1855లో సముద్ర భూగోళంపై ఆయన గ్రంథం వెలువడింది. అందులో లేఖనాలను ప్రస్తావించినందుకు విమర్శలు వచ్చినా వెనుదీయలేదు.

అయితే 1861లో అంతర్యుద్ధం వచ్చినప్పుడు మౌరీ బానిసత్వాన్ని నిలుపుకోగోరిన దక్షిణాది పక్షాన చేరాడు. అంతకు ముందే బానిసల యజమానులు అమెజాను ప్రాంతానికి వలసపోయే ఆలోచనను ప్రోత్సహించాడు. ఓడిపోయాక మెక్సికో, ఇంగ్లాండు తిరిగి, 1868లో స్వదేశం చేరి ఆచార్యుడిగా పనిచేసి, 1873లో కన్నుమూశాడు. రిచ్‌మండ్‌లోని ఆయన విగ్రహాన్ని 2020లో తొలగించారు.

ఆయన మొదలుపెట్టిన పని ఆగలేదు. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంవారు విశాఖ తీరాన వేసవి ముందు గాలులు పైనీటిని బయటికి నెట్టగా అడుగునుంచి చల్లని నీరు ఉబికి రావడాన్ని పరిశీలించారు. ఆ నీటిలోని పోషకాలే చేపలకు మేత. నేడు మచిలీపట్నం, యానాం తీరాల రాడార్లు రేడియో తరంగాలను అలలపైకి పంపి, తిరిగొచ్చిన తరంగంలోని మార్పును బట్టి ప్రవాహ వేగాన్ని కొలుస్తాయి. ఒక రాడారు తనవైపు కదలికనే చూడగలదు. రెండూ కలిస్తేనే దిక్కు తెలుస్తుంది. 2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన సరళ్ ఉపగ్రహం సముద్రపు ఎత్తును కొలిచింది. వెచ్చని సుడి ఉన్నచోట నీటిమట్టం కొద్దిగా ఉబ్బుతుంది. అలాంటి సుడి తుపానుకు బలమిస్తుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ ఇలాంటి సమాచారంతో మత్స్యకారులకు సూచనలిస్తోంది.

మౌరీని పొగిడి అతని పాపాన్ని దాచడం సంఘానికి తగదు. ఆ పాపాన్ని చూపి అతని శ్రమను కొట్టివేయడమూ తగదు. నీటి మార్గాలను అంత ఓపికగా వెదికినవాడు బానిస తన పొరుగువాడని గుర్తించలేకపోయాడు. బైబిలు చేతిలో ఉన్నా ఆ గుడ్డితనం పోలేదు. మన సంఘాల్లో కులం పేరిట ఎవరిని దూరంగా కూర్చోబెడుతున్నామో, ఈ జీవితాన్ని చదివినవారు తమను తాము పరీక్షించుకోవాలి.