పండిత రమాబాయి చరిత్రము

లోకములో కష్టము రానివారు లేరు. కష్టము మనుష్యుని దృఢపఱచునని మనము తఱచుగాఁ జెప్పుకొందుము. ఆ మాటలో సగమే సత్యమున్నది. ఒకే యగ్ని మట్టికుండను గట్టిపఱచును, తాటాకుల గుడిసెను భస్మము చేయును. ఒకే కఱవులో ఒకరు మరణింతురు. ఒకరు హృదయమును రాయి చేసికొని బ్రతుకుదురు. మఱియొకరు పరుల యాఁకలిని తమ యాఁకలిగా నెఱిఁగి వారికి అన్నము పెట్టుదురు. ఈ భేద మెందువలనఁ గలుగుచున్నదో విచారించుట దుఃఖములో నున్నవారికిని, దుఃఖితులను జూచుచున్నవారికిని మిక్కిలి ప్రయోజనకరము. అట్టి విచారమునకుఁ బండిత రమాబాయి జీవితముకంటెఁ దగిన యాధారము మన దేశచరిత్రములో అరుదుగా దొరకును.

రమాబాయి 1858 సంవత్సరము ఏప్రిలు 23వ తేదీని, పడమటి కనుమలలోని గంగామూల యను నరణ్యప్రదేశమున జన్మించెను. ఆమె తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత విద్వాంసుఁడు. స్త్రీలు సంస్కృతము చదువరాదని నమ్మిన యా కాలములో ఆయన తన భార్యయగు లక్ష్మీబాయికి ఆ విద్యను నేర్పఁ బూనెను. పండితులు ఆక్షేపింపఁగా శాస్త్రప్రమాణములు చూపి సమాధానము చెప్పెను. గ్రామములో నెమ్మది లేకపోవుటచే అడవిలో నిల్లు కట్టుకొని, అచ్చటనే భార్యకును శిష్యులకును పాఠములు చెప్పుచుండెను. రమాబాయి ఆఱునెలల శిశువుగా నున్నప్పుడే ఆ కుటుంబము తీర్థయాత్రలకు బయలుదేఱెను. పసిబిడ్డను వెదురుబుట్టలోఁ బరుండఁబెట్టి, యొక సేవకుఁడు తలపై మోసికొని వచ్చెను. తండ్రి వృద్ధుఁడగుటచేత రమాబాయికిఁ దల్లియే గురువయ్యెను. తెల్లవాఱకముందే బిడ్డను బుజ్జగించి లేపి, చీఁకటిలో శ్లోకములు వల్లింపఁజేయుట ఆ తల్లికి నిత్యవ్రతము. పుస్తకములు మోసికొని తిరుగ వీలులేని యా సంచారులకు జ్ఞాపకశక్తియే గ్రంథాలయమయ్యెను. పండ్రెండేండ్లు నిండువేళకు ఆ బాలిక భాగవతములోని పదునెనిమిదివేల శ్లోకములను ధారణ చేసెనని చెప్పుదురు.

ఆ కుటుంబము పుణ్యక్షేత్రములలోఁ బురాణము చదివి, శ్రోతలిచ్చిన దానిచే జీవించుచుండెను. 1874 సంవత్సర ప్రాంతమున మద్రాసు రాజధానిలోఁ గఱవు తోఁచినప్పుడు పురాణము వినువారును లేరు, బియ్యమిచ్చువారును లేరు. ఉన్న ధనమంతయు దానములకును వ్రతములకును వెచ్చమైపోయెను. పాత్రలును వస్త్రములును అమ్ముకొనిరి. మన తిరుపతికొండమీఁద నున్న కాలముననే వారి కడపటి బియ్యపుగింజయు నైపోయెను. తమవారి నడుమ దారిద్ర్యపుటవమానము పొందుటకంటె అడవిలోఁ జచ్చుట మేలని నిశ్చయించుకొని, ఆ రాత్రియే వారందఱును ఇల్లు విడిచి యరణ్యము ప్రవేశించిరి. పదునొకండు పగళ్లును రాత్రులును నీళ్లు త్రాగి, ఆకులు నమిలి, పిడికెఁడు అడవి యీఁతపండ్లు తిని ప్రాణములు నిలుపుకొనిరి. కన్నులు కానరాని వృద్ధుఁడైన తండ్రి కోనేటిలో దిగి జలసమాధి పొందఁదలఁచెను. అప్పుడు రమాబాయి యన్నయగు శ్రీనివాసశాస్త్రి, కూలిపని యైనను జేసి పోషింతునని తండ్రికి మాట యిచ్చి యాయనను ఆఁపెను. మిగిలిన యాశ యంతయు ఆ యొక్క మాటలోనే యుండెను. గాని యాలస్యమైపోయినది. అడవి వెడలివచ్చిన కొలఁది దినములకే తండ్రి మరణించెను. కొలఁది నెలలకుఁ దల్లియుఁ బోయెను. తల్లి జబ్బుపడి పిడికెఁడన్నము కోరినప్పుడు పదునాఱేండ్ల రమాబాయి పొరుగింటికి యాచనకుఁ బోయి, సిగ్గుచే నోరు పెగలక నిలిచిపోయెను. శవమును మోయుటకు ఇద్దఱు బ్రాహ్మణులు మాత్రమే జాలిపడి వచ్చిరి. శ్మశానము మూఁడుమైళ్ల దూరము. పాడె నాలవ కొమ్మును రమాబాయియే మోయవలసివచ్చెను. పొట్టిదగుటచే భుజమున కందక, ఆమె దానిని తలపైఁ బెట్టుకొని నడిచెను. తరువాత అక్కయుఁ బోయెను.

ఇచ్చట నొక విషయము గమనింపఁదగినది. ఆ తల్లిదండ్రులు తమ బిడ్డలకు అపారమైన విద్య నిచ్చిరి. చేతిపని యొకటియు నేర్పలేదు. కులాభిమానమువలన కూలిచేయుటయు, అభిమానమువలన యాచించుటయు వారికి మరణముకంటెఁ గష్టముగాఁ దోఁచెను. ఈ లోపమును రమాబాయి మఱవలేదు. తల్లిదండ్రులయందు భక్తి తగ్గించుకొనకయే, వారి పొరపాటును స్పష్టముగాఁ జూడఁగలిగెను. ఆమె మనోబలమునకు ఇది మొదటి మెట్టు. కష్టమును విధియని తలవంచి విడువక, దాని కారణమును వెదకుట ఆమె యప్పుడే యారంభించెను.

అన్నయుఁ జెల్లెలును వేలకొలఁది మైళ్లు కాలినడకను దేశమంతయుఁ దిరిగిరి. చారెఁడు గింజలు నీళ్లలో నానవైచి, ఉప్పు చల్లుకొని తినిన దినము లనేకములు. పంజాబులో జీలము నదియొడ్డున చలి భరింపలేక, ఇసుకలో గోతులు త్రవ్వుకొని, తల మాత్రము వెలుపల నుంచి, ఎండినయిసుకను దుప్పటిగాఁ గప్పుకొని పరుండిరి. 1878 సంవత్సరమున వారు కలకత్తా చేరిరి. అచ్చటి విద్వాంసులు ఆమెను పరీక్షించి, ఆశ్చర్యపడి, పండిత యనియు సరస్వతి యనియు బిరుదము లిచ్చిరి. బ్రాహ్మసమాజనాయకుఁడగు కేశవచంద్రసేనుఁడు ఆమెను ఆదరించి, వేదమును చదువుమని ప్రోత్సహించి, గ్రంథమును చేతికిచ్చెను. స్త్రీకిఁ దగదని యంతవఱకు విన్న గ్రంథ మది.

ఆ గౌరవముల నడుమనే శోకము మరల వచ్చెను. 1880లో ఢాకాలో అన్న మరణించెను. ఇఁక రక్తసంబంధు లెవ్వరును మిగులలేదు. ఆ సంవత్సరముననే ఆమె అన్నకు మిత్రుఁడును న్యాయవాదియు నగు విపినవిహారి మేధావి యను వంగీయుని 1872వ సంవత్సరపు 3వ చట్టము ననుసరించి వివాహమాడెను. బ్రాహ్మసమాజమువారి ప్రయత్నముచే నేర్పడిన వివాహశాసన మది. కులము వేఱు, భాష వేఱు, బంధువులు వెలివేసిరి. అస్సాములోని సిల్చారులో వారు సుఖముగాఁ గాపుర ముండిరి. 1881లో మనోరమ యను కొమార్తె పుట్టెను. 1882 ఫిబ్రవరి 4వ తేదీని భర్త విషూచిచేత మరణించెను. ఇరువదిమూఁడేండ్ల ప్రాయమున, ఏఁడాది నిండని బిడ్డతో, రమాబాయి వితంతువయ్యెను.

వితంతువున కాకాలమున సంఘము చూపిన మార్గ మొక్కటియే. ఇంటిమూలను గూర్చుండి తన పాపమును దాను తిట్టుకొనుట. రమాబాయి ఆ మార్గమును ద్రొక్కలేదు. ఆ సంవత్సరముననే పూనాకుఁ బోయి, ఆర్యమహిళాసమాజమును స్థాపించెను. స్త్రీధర్మనీతి యను మహారాష్ట్రగ్రంథమును వ్రాసెను. హంటరు విద్యావిచారణసంఘము నెదుట స్త్రీలకు ఉపాధ్యాయినులును వైద్యురాండ్రును కావలెనని సాక్ష్య మిచ్చెను.

ఇంతవఱకుఁ జదివినవారు ఈమె హృదయము వజ్రమని తలఁపవచ్చును. అది సత్యము కాదు. 1883లో వైద్యవిద్య కొఱకు ఆమె కొమార్తెతోడను ఒక స్నేహితురాలితోడను ఇంగ్లండునకుఁ బోయెను. వాంటేజిలో నుండఁగా ఆ స్నేహితురాలు మనోవ్యాకులతచే ఆత్మహత్య చేసికొనెను. అడవిలోఁ గూలక, శ్మశానమార్గమునఁ గూలక నిలిచిన రమాబాయి ఈ దెబ్బకుఁ గూలిపోయెను. తరువాత నామె ఆక్స్‌ఫర్డులో మాక్సుముల్లరు పండితుని యింట నతిథిగా నుండినప్పుడు, రాత్రులు ఒంటరిగా నుండలేకపోవుటచే, ఆ గదిలో నొక పరిచారికను బరుండఁబెట్టవలసివచ్చెను. వినికిడియుఁ దగ్గెను, అందుచేత వైద్యురాలు కావలెనను కోరికను విడువవలసివచ్చెను.

చదువరులు ఈ రాత్రులను మఱవరాదు. ధైర్యశాలులు వణఁకరని మన మనుకొందుము. వణఁకినవారిని బలహీనులని యెంచుదుము. గాని గాయపడిన మనస్సు కొంతకాలము నడువలేకపోవుట విఱిగినకాలు నడువలేకపోవుటవంటిదే; అందులో నింద్యమైన దేమియు లేదు. రమాబాయి తన భయమును దాఁచలేదు. ఇతరులు చూపిన సహాయమును నిరాకరింపలేదు. గదిలోఁ దోడు పరుండిన యా సామాన్యస్త్రీ యే యుపదేశమును జేయలేదు. చీఁకటిలో మనుష్యసన్నిధిని మాత్ర మొసఁగెను. ఆ కాలమున రమాబాయికిఁ గావలసినది అదియే.

ఆ సంవత్సరముననే ఆమె క్రైస్తవమతమును స్వీకరించెను. స్వదేశములో అనేకులు ఆమెను దూషించిరి. ఆదరించిన మిత్రులు కొందఱు మనసు నొచ్చుకొనిరి. అట్లని ఆమె క్రొత్త గురువులకు బుద్ధిని అప్పగింపలేదు. మతవిషయములలో వారితోఁగూడ వాదించి, తన యంతరాత్మకు సరిపడిన దానినే యంగీకరించెను. మతములో ఆమెతో నేకీభవింపనివారును ఈ స్వాతంత్ర్యమును మెచ్చుకొనవలసినదే.

తెలిసిన తలుపు మూసికొనఁగా ఆమె వేఱొక తలుపు వెదకెను. చెల్టెన్‌హాములోని స్త్రీల కళాశాలలో సంస్కృతము చెప్పుచు, తాను ఇతరవిద్యలు నేర్చుకొనెను. 1886లో బంధువగు ఆనందీబాయి జోషి వైద్యపట్టము పుచ్చుకొనుటను జూచుటకై అమెరికాలోని ఫిలడెల్ఫియాకుఁ బోయెను. 1887లో ఉన్నతకులపు హిందూస్త్రీని గుఱించి యింగ్లీషున నొక గ్రంథము ప్రకటించి, వితంతువుల దుఃస్థితిని లోకమునకుఁ దెలిపెను. బోస్టనులోని దయాళువులు సంఘముగాఁ జేరి పదియేండ్లు ధనసహాయము చేయఁ బూనిరి. 1889 మార్చి 11వ తేదీని బొంబాయిలో శారదాసదనము వెలసెను. తొలిదినములలోఁ జేరిన బాలవితంతువు గోదూబాయి తరువాతఁ బ్రసిద్ధసంస్కర్తయగు ధోండో కేశవ కర్వేకు భార్యయై, వితంతుజనోద్ధరణమున నాయనకుఁ దోడ్పడెను.

సదనము పూనాకు మాఱిన తరువాత, 1893లో, ఆమె బాలికలను మతాంతరము చేయించుచున్నదను నపవాదము బయలుదేఱెను. రానడే, భాండార్కరు మొదలగు పెద్దలు ఆలోచనసభనుండి తొలఁగిరి. పెక్కుమంది తమ బిడ్డలను దీసికొనిపోయిరి. కట్టిన పని కన్నులయెదుటఁ గూలుచుండఁగా ఆమె మిగిలిన బాలికలకు మఱునాఁటి పాఠము చెప్పుచునే యుండెను.

1896లో మధ్యపరగణాలలో గొప్ప కఱవు వచ్చెను. ఆ వార్త వినఁగానే ఇరువదిరెండేండ్ల క్రిందటి తిరుపతి యడవి ఆమె మనస్సునకు వచ్చెను. పాతగాయమును దాఁకు దానికి దూరముగాఁ దొలఁగిపోవుట మనుష్యస్వభావము. ఆమె ఆ కఱవులోనికే నడిచెను. చెట్లక్రిందను, కఱవుశిబిరములలోను, ఎముకలగూళ్లై పడియున్న బాలికలను జూచెను. వారిని మోసపుచ్చి కొనిపోవు దుర్మార్గులనుగూడఁ జూచెను. సుమారు 300 మందిని వెంటఁబెట్టుకొని వచ్చెను. పూనాకు సమీపమున కేడ్‌గావ్ గ్రామములో తాను కొనియుంచిన పొలములో వారికి నివాస మేర్పఱచి, దానికి ముక్తి యని పేరుపెట్టెను. 1900 సంవత్సరపు గుజరాతు కఱవు తరువాత ఆ యాశ్రమములో వేయిమందికి మించి యుండిరి.

అచ్చటి పద్ధతిని జూడుఁడు. మొదట అన్నము, తరువాత వైద్యము, పిమ్మట విద్య. విద్యతోడఁ దప్పక ఒక చేతిపని. నేఁత, సేద్యము, గానుగ, వంట, ముద్రణాలయపుఁ బని, వీనిలో నేదైన నొకటి ప్రతిబాలికయు నేర్చుకొనవలెను. అంధబాలికలకు మనోరమ చుక్కలలిపి నేర్పెను. తన తల్లిదండ్రులు బిడ్డల కియ్యలేకపోయినదానిని రమాబాయి వేయిమంది బిడ్డల కిచ్చెను. ఒకనాఁడు పొరుగింటి గడపయొద్ద యాచింప నోరురాక నిలిచిన బాలిక, ఏ బాలికయు నట్లు నిలువవలసిన పని లేకుండఁ జేయఁ బూనినది.

కష్టముల యప్పు ఇంతటితోఁ దీఱలేదు. 1921 జూలై 24వ తేదీని, నలువదియేండ్ల ప్రాయమున, తల్లికిఁ గుడిభుజమై నిలిచిన మనోరమ మరణించెను. అరువదిమూఁడేండ్ల రమాబాయి ఒంటరి యయ్యెను. అప్పుడును ఆమె పని మానలేదు. బైబిలును మహారాష్ట్రభాషలోనికి మార్చుటకై ఆమె హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి యెన్నియో యేండ్లుగా శ్రమించుచుండెను. ఆ పనిని జివరిదినములవఱకు సాగించి, 1922 ఏప్రిలు 5వ తేదీని శాశ్వతనిద్ర పొందెను. ఆమె స్థాపించిన ముక్తి నేఁటికిని నిరాశ్రయలకు నిలువనీడ యిచ్చుచున్నది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలుదము. ఈమెను నిలిపినది కష్టము కాదు. కష్టము ఆమె తండ్రిని, తల్లిని, అక్కను జంపినది. వేకువజామునఁ దల్లి చెప్పిన పాఠము ఆమెను నిలిపెను. పని చేసి పోషింతునన్న అన్న మాట నిలిపెను. పొరపాటుల కారణము వెదకు బుద్ధి నిలిపెను. భయపడిన రాత్రులలోఁ దోడు పరుండిన మనిషి నిలిపెను. అన్నిటికంటె నెక్కువగా, తన దుఃఖమువంటి దుఃఖమును బరులలోఁ జూచి తీర్పఁ బూనిన పని నిలిపెను.

కాఁబట్టి, సోదరీసోదరులారా, దుఃఖములో నున్నవారికి ఓర్పును గుఱించి యుపన్యసించి చేతులు దులుపుకొనకుఁడు. ఓర్పు ఒంటరిగాఁ బుట్టునది కాదు. అన్నము పెట్టినచోట, విద్య చెప్పినచోట, చీఁకటిలో నొకరు ప్రక్కనున్నచోట అది మెల్లగా మొలకెత్తును. మీకే దుఃఖము వచ్చినయెడల, కన్నీరు కార్చుటకు సిగ్గుపడకుఁడు. చేయి చాఁచినవారి చేయి పట్టుకొనుటకును సిగ్గుపడకుఁడు. మరల నిలువఁగలిగిననాఁడు మీ గాయము నొకసారి జ్ఞప్తికిఁ దెచ్చుకొని, అదే గాయముతో దారిప్రక్కఁ గూర్చున్నవారెవ్వరో చూడుఁడు. మీ పని యచ్చటనే యారంభ మగును.