టావెర్నియే: సూరతు నుండి గోలకొండకు

సూరతు మరమగ్గములపై జీవనము సాగించు తెలుగువారు నేడు పెక్కుమంది కలరు. వారికి హైదరాబాదు విమానమున సుమారు గంటన్నర దూరము. 1645లో ఒక పరాసు వర్తకునకు ఈ దూరమే ఇరువదియేడు దినములు పట్టెను. అతడే జీన్ బాప్టిస్ట్ టావెర్నియే.

1605లో పారిస్ నగరమున నతడు జన్మించెను. తండ్రి భూపటముల వర్తకుడు. పండితులు ఆ యింట పటముల ముందు కూర్చుండి దూరదేశములను గూర్చి ముచ్చటించుచుండగా బాలుడు వినుచుండెడివాడు. ఆ వినికిడియే వానిని ఇంట నిలువనీయలేదు. 1631 మొదలు 1668 వరకు ఆరు పర్యాయములు తూర్పుదేశములకు ప్రయాణము చేసెను.

ఆ కాలమున మొగలు సామ్రాజ్యమునకు సముద్రద్వారము సూరతు. ఓడ దిగిన పరదేశికి అచట ఎడ్లబండియే శరణ్యము. మంచి యెద్దుల జత కొకమారు టావెర్నియే దాదాపు ఆరువందల రూపాయలు వెచ్చించెను. దినప్రయాణము సగము ముగిసిన పిమ్మట వానికి గోధుమపిండిని వెన్నతోను బెల్లముతోను కలిపి ముద్దలుగా పెట్టెడివారట. ఇరుకుదారిలో పదివేల యెద్దుల బిడారు ఎదురైనచో, అది దాటిపోవువరకు రెండు మూడు దినములు వేచియుండవలెను! దౌలతాబాదు మీదుగా గోలకొండకు 324 క్రోసులని అతడు లెక్కకట్టెను. మజిలీ మజిలీకి దూరము వ్రాసికొనుట వాని నియమము. నాటి దక్కను మార్గములను గూర్చి చరిత్రకారులు నేటికిని ఆ లెక్కలను ఆశ్రయించుచున్నారు.

గోలకొండకు తూర్పున ఏడు దినముల ప్రయాణముపై కృష్ణాతీరమున కొల్లూరు వజ్రపు గని యుండెను. అచట స్త్రీలు, బాలురతో సహా అరువదివేలమంది పనిచేయుచుండిరని అతడు వ్రాసెను. అంకె కొంత పెద్దదే కావచ్చును. రావులకొండ గనిలోనైతే, పనిలో ఆరితేరిన వానికిని ఏడాది కూలి మూడు వరహాలు మాత్రమే. రాయి దాచకుండ ఏబదిమందికి పండ్రెండు పదునైదుగురు కావలివారు. లాభమునకై వచ్చిన వర్తకుడైనను ఈ సంగతి మరుగుపరచలేదు. అందులకు వానిని మెచ్చుకొనవలెను.

అతడు కొనిపోయిన నీలివజ్రము కొల్లూరుదేయని పలువురి అభిప్రాయము. దానిని పదునాల్గవ లూయీ రాజు కొనెను. 1792లో దొంగలపాలై, తిరిగి చెక్కబడి, హోప్ వజ్రమను పేర 1958 నుండి వాషింగ్టన్ ప్రదర్శనశాలలో నున్నది. కొల్లూరు గనియో, పులిచింతల జలాశయమున మునిగినది.

లూయీ వానికి ప్రభుపదవి నొసగెను. 1670లో స్విట్జర్లాండున ఓబోన్ జమీను కొని, 1676లో యాత్రాగ్రంథమును ప్రకటించెను. కాని టావెర్నియే ప్రొటెస్టెంటు మతస్థుడు. ఆ మతమువారికి గల రక్షణను 1685లో రాజు రద్దుచేసెను. జమీనును విక్రయింపవలసి వచ్చెను. ఎనుబదియేండ్లు దాటిన వయసున అతడు మరల తూర్పునకు బయలుదేరి, ఈసారి రష్యా మార్గమును పట్టి, 1689లో మాస్కోలో మరణించెను.