భూమిని జోకిన మనిషి

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకన్నా బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. చాలా ఏళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పిన పంతులును కనుక, నాకు ఇష్టమైన ఒక శాస్త్రవేత్త జీవితం గురించి రాస్తాను. ఆయన హెన్రీ కావెండిష్.

ముందు మన ఊరి లెక్క ఒకటి. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో కోసిన బండను లేపకముందే దాని బరువు తెలియాలి. టేపు పెట్టి కొలుస్తారు. పొడవు 3 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, ఎత్తు 1.5 మీటర్లు అనుకుందాం. ఘనపరిమాణం 9 ఘనపు మీటర్లు. గ్రానైట్ సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 2.7 టన్నులు. రెంటినీ గుణిస్తే 24.3 టన్నులు. అదే కొలతలో మూడు వైపులా 10 సెంటీమీటర్ల చొప్పున తగ్గితే, కాగితం మీద దాదాపు మూడున్నర టన్నులు మాయమవుతాయి. బండ మాత్రం అంతే ఉంటుంది. ఆ తేడా సీనరేజీ లెక్కలోనే కాదు, క్రేను తాడు మీద, లారీ బ్రేకుల మీద, దారిలోని కల్వర్టు మీద పడుతుంది. ఒక్కోసారి మనిషి ప్రాణం మీదికే వస్తుంది. సాంద్రతను ఘనపరిమాణంతో గుణిస్తే ద్రవ్యరాశి అని హైస్కూల్లో వల్లె వేసిన సూత్రం విలువ అది.

ఇదే లెక్క భూమికి వేయాలంటే ఎట్లా? 18వ శతాబ్దం నాటికి భూమి ఎంత పెద్దదో బాగానే తెలుసు. తెలియనిది దాని సాంద్రత. లోపలి ముక్కను తెచ్చి త్రాసులో వేయలేం కదా. ఆ లోటును తీర్చినవాడు కావెండిష్.

ఆయన 1731 అక్టోబరు 10న ఫ్రాన్స్ దక్షిణ తీరంలో ఇప్పుడున్న నీస్ నగరంలో పుట్టాడు. ఇంగ్లండులోని గొప్ప జమీందారీ వంశం. రెండేళ్లు నిండీ నిండకముందే తల్లి పోయింది. తండ్రి లార్డ్ చార్లెస్‌కు ప్రయోగాలంటే ఇష్టం. కొడుక్కీ అదే అబ్బింది. కేంబ్రిడ్జిలో నాలుగేళ్లు చదివి, డిగ్రీ తీసుకోకుండానే వచ్చేశాడు. 1766లో హైడ్రోజన్ గుణాలను వివరించి రాయల్ సొసైటీ వారి కాప్లీ పతకం అందుకున్నాడు. హైడ్రోజన్ మండితే నీరు ఏర్పడుతుందని ప్రయోగాలతో చూపాడు.

మనిషి మాత్రం మహా బిడియస్తుడు. కొత్తవాళ్లు పలకరిస్తే తప్పుకొని పోయేవాడట. పనివాళ్లకు చెప్పాల్సినవి కూడా చీటీల మీద రాసిపెట్టేవాడని చెబుతారు. అపారమైన ఆస్తి ఉన్నా పాతకాలపు దుస్తులే వేసుకునేవాడు. పెళ్లి చేసుకోలేదు.

భూమి సాంద్రత కోసం రాయల్ సొసైటీ ముందు ఒక గుట్టను ఎంచుకుంది. 1774లో మాస్కెలిన్ అనే ఖగోళ శాస్త్రవేత్త స్కాట్లండులోని షిహాలియన్ గుట్ట పక్కన లంబసూత్రం కట్టి, గుట్ట దాన్ని ఎంత పక్కకు లాగుతుందో కొలిచాడు. ఆ పని తలపెట్టిన సంఘంలో కావెండిష్ కూడా ఉన్నాడు. గుట్ట ఆకారాన్ని సర్వే చేసి, రాతి సాంద్రతను అంచనా వేసి, హట్టన్ అనే గణితవేత్త లెక్క కట్టాడు. భూమి నీటికన్నా సుమారు నాలుగున్నర రెట్లు సాంద్రమని తేలింది. కానీ గుట్ట లోపల ఏ రాయి ఎంత ఉందో ఎవరు చూశారు? చిక్కంతా అక్కడే.

గుట్టకు బదులు కచ్చితంగా బరువు తెలిసిన గుండును వాడాలన్నది జాన్ మిచెల్ ఆలోచన. ఆయన పరికరం తయారుచేసి, ప్రయోగం చేయకముందే 1793లో చనిపోయాడు. అది చేతులు మారి కావెండిష్ దగ్గరికి వచ్చింది. ఆయన దాన్ని చాలావరకు మళ్లీ కట్టుకొని, 1797-98లో, అరవై ఆరేళ్ల వయసులో, లండన్ దగ్గర క్లాపమ్‌లోని తన ఇంటి ఆవరణలో పనికి దిగాడు. ఆరడుగుల కర్రను సన్నని తీగతో వేలాడదీసి, రెండు చివర్లా సుమారు 730 గ్రాముల సీసపు గుండ్లు కట్టాడు. వాటి పక్కకు ఒక్కొక్కటి 158 కిలోల పెద్ద సీసపు గుండ్లను తెచ్చాడు. మనిషి ఒంటి వేడికి గాలి కదిలినా కొలత చెడిపోతుందని గదిలో అడుగు పెట్టలేదు. బయటి నుంచే గుండ్లను జరిపి, గోడ రంధ్రంలోంచి దుర్భిణితో చూసేవాడు. కర్ర కదిలింది కొద్ది మిల్లీమీటర్లే. పెద్ద గుండు లాగే బలాన్ని భూమి లాగే బలంతో పోల్చి, భూమి సగటు సాంద్రత నీటికి 5.48 రెట్లని 1798లో ప్రకటించాడు.

తర్వాతి తరంలో బెయిలీ అనే శాస్త్రవేత్త ఆ లెక్కలు మళ్లీ వేసి చూస్తే, సగటు తీయడంలో చిన్న పొరపాటు కనిపించింది. సరైన సగటు 5.448. నేటి విలువ 5.51. ఎట్లా చూసినా తేడా నూటికి ఒకటి, ఒకటిన్నర లోపే. ఆ సాంద్రతను భూమి ఘనపరిమాణంతో గుణిస్తే, 6 పక్కన 24 సున్నాలు పెట్టినన్ని కిలోలకు దగ్గరగా వస్తుంది. కావెండిష్ గురుత్వ స్థిరాంకం కనుక్కున్నాడని మనం పిల్లలకు చెబుతుంటాం. నిజానికి ఆయన వ్యాసం భూమి సాంద్రత గురించే. స్థిరాంకాన్ని ఆ కొలతల్లోంచి తర్వాతివాళ్లు రాబట్టారు.

ఆయన 1810 ఫిబ్రవరి 24న కన్నుమూశాడు. విద్యుత్తు మీద అచ్చువేయకుండా దాచుకున్న రాతలను 1879లో మాక్స్‌వెల్ వెలుగులోకి తెచ్చాడు. కేంబ్రిడ్జిలోని ప్రసిద్ధ కావెండిష్ ప్రయోగశాల ఆ వంశం పేరు మీద వెలిసిందే.

పిల్లలకు ఈ పాఠం చెప్పే టీచర్లకు ఒక మనవి. ఎల్గందుల ఖిల్లా ఉన్న గుట్టనైనా, ఊరి పక్క బోడునైనా చూపించండి. ఆ రాయి సాంద్రత సుమారు 2.7. భూమి మొత్తం సగటు 5.5. పైన ఉన్నది ఇంత తేలికైతే, సగటు రెట్టింపు రావాలంటే లోపల ఏముండాలి అని అడగండి. పైనున్న రాయికన్నా చాలా బరువైనదేదో ఉండాలని వాళ్లే చెబుతారు. భూకంప తరంగాలను చదివి శాస్త్రవేత్తలు భూగర్భ కేంద్రాన్ని గుర్తించింది 1906లో. అది ప్రధానంగా ఇనుమే. దాని జాడను కావెండిష్ అంతకు వందేళ్ల ముందే, గది బయట నిలబడి, నాలుగు సీసపు గుండ్లతో పట్టాడు.