మెప్పు వేరు, వసూలు వేరు – బి.ఎన్. రెడ్డి గారు

తెలుగు చలనచిత్ర చరిత్రలో బి.ఎన్. రెడ్డి గారిది ప్రత్యేక స్థానం. సినిమా పిచ్చి గల నాబోటి వాళ్ళకు ఆయన జీవితం ఒక పాఠం. పత్రికల వారు మెచ్చిన చిత్రాన్ని జనం కూడా ఆదరించాలని లేదు. ఈ రెంటి నడుమ ఆయన ముప్ఫై ఏళ్ళు పనిచేశారు.

బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి గారు 1908లో కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో జన్మించారు. మద్రాసులో ముద్రణాలయం నడుపుతూ సినిమారంగంలోకి వచ్చారు. వాహినీ సంస్థ పక్షాన 1939లో తీసిన ‘వందేమాతరం’ దర్శకుడిగా ఆయన తొలి చిత్రం. మరుసటి ఏడాది వితంతు వివాహం ఇతివృత్తంగా ‘సుమంగళి’ తీశారు. పురాణ కథలు రాజ్యమేలుతున్న కాలంలో అది సాహసమే.

1951 సంవత్సరం చూడండి. ఆయన తమ్ముడు నాగిరెడ్డి గారి విజయా సంస్థ ‘పాతాళభైరవి’ తీస్తే జనం విరగబడి చూశారు. దాని దర్శకుడు కె.వి. రెడ్డి గారు వాహినీలో తయారైన వారే. అదే ఏడాది చివర అన్నగారి ‘మల్లీశ్వరి’ వచ్చింది. కృష్ణశాస్త్రి గారి మాటలు పాటలు, సాలూరు రాజేశ్వరరావు గారి సంగీతం, భానుమతి, రామారావు గార్ల నటన, దేనికదే సాటి. చిత్రీకరణ చాలాకాలం సాగింది. ఖర్చూ ఎక్కువే. 1953లో దాన్ని చైనాలోనూ ప్రదర్శించారు. ఈనాటికీ మంచి తెలుగు సినిమా అనగానే విమర్శకులు ముందుగా తలచుకునే పేర్లలో అదొకటి.

తరువాత ‘బంగారు పాప’. జార్జ్ ఇలియట్ నవల ‘సైలాస్ మార్నర్’ ఆధారంగా పాలగుమ్మి పద్మరాజు గారు రచన చేశారు. పసిపాప చేతికి వచ్చాక మనిషిగా మారిన మొరటువాడిగా ఎస్.వి. రంగారావు గారు జీవించారు. ఉత్తమ తెలుగు చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం లభించింది. పతకం వచ్చినంత సులువుగా పెట్టుబడి తిరిగి రాదు మరి!

1960లో ‘రాజమకుటం’ అనే జానపదం తీశారు. నా మట్టుకు అది బి.ఎన్. గారి ముద్ర ఉన్న చిత్రంలా అనిపించదు. ‘పూజాఫలం’ (1964) నడక నెమ్మది అన్నవారి మాట కాదనలేను. కానీ, నా చదువుకునే రోజుల్లో చూసిన ‘రంగులరాట్నం’ (1966) వేరు. పేరున్న కథానాయకుడు లేడు. కొత్తవాడైన చంద్రమోహన్ తోనే పట్నంలో చితికిపోయే కుటుంబాన్నీ, ఎన్నికల్లో ఎదురెదురు నిలిచిన అన్నదమ్ములనూ కళ్ళకు కట్టారు. హాల్లోంచి వచ్చాక మిత్రులం చాలాసేపు మాట్లాడుకోలేకపోయాం. దానికీ జాతీయ పురస్కారం దక్కింది.

1969 నాటి ‘బంగారు పంజరం’తో కలిపి ఆయన దర్శకత్వం వహించినవి పదకొండే. 1971లో పద్మభూషణ్, 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చాయి. ఫాల్కే గౌరవం పొందిన తొలి దక్షిణాది వ్యక్తి ఆయనే. 1977 నవంబరులో కన్నుమూశారు.

సమీక్ష ఆ వారానికి, వసూలు ఆ ఏడాదికి. ఆ రెండూ మరుగున పడ్డాక మిగిలేది పనితనమే. మనలాంటి విశ్రాంత ఉద్యోగులకు ఈ మాట బాగా తెలుసు. ఆ మహనీయునికి నా నమస్సులు.