గుండెకు కావలి

పోలెండు దేశమునకు రాజధాని యగు వార్సా నగరమున, 1924వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన, ఒక యూదు కుటుంబమునందు మిషెల్ మిరోవ్‌స్కీ జన్మించెను. వారి ఇంటిపేరు ఫ్రీడ్‌మన్. 1939లో జర్మను సేనలు పోలెండును ఆక్రమింపగా, యూదుడని పసిగట్టినచో ప్రాణము దక్కదని భయపడి తండ్రి కుమారునకు పోలిష్ పేరు పెట్టెను. ఆనాడు ప్రాణరక్షణకై తగిలించుకొన్న ఆ పేరే తరువాత వైద్యశాస్త్ర గ్రంథములకు ఎక్కినది.

ఆ సంవత్సరము డిసెంబరు నెలలో పదునైదేండ్ల ఆ బాలుడు ఇల్లు విడిచి, తూర్పు దిక్కుగా రష్యా పాలనలోని ప్రాంతమునకు పారిపోయెను. యుద్ధము ముగియువరకు పరాయి ఊళ్లలో తిరుగుచు, ఆకలికిని చలికిని ఓర్చి బ్రతికెను. తిరిగి వచ్చునప్పటికి తన కుటుంబమున ఒక్కరును మిగిలి యుండలేదు.

గ్డాన్‌స్క్ నగరమున ఒక యేడు వైద్యము చదివి ఆయన పాలస్తీనాకు వెడలెను. అప్పటికి అచ్చట వైద్యకళాశాల లేదు. అందుచే ఫ్రాన్సు దేశములోని లియాన్ నగరము చేరి, తెలియని ఫ్రెంచి భాషను నేర్చుకొనుచునే 1954లో పట్టము పొందెను. పిమ్మట ఇజ్రాయెలులోని తెల్ హషోమర్ ఆసుపత్రిలో హారీ హెల్లర్ అను పెద్ద వైద్యుని వద్ద పనికి కుదిరెను. హెల్లర్ ఆయనకు అధికారి మాత్రమే కాదు, గురువు. మెక్సికోలోను అమెరికాలోను హృద్రోగశాస్త్రమును అభ్యసించి 1963లో మిరోవ్‌స్కీ ఇజ్రాయెలునకు తిరిగి వచ్చెను.

1966లో హెల్లర్‌కు గుండె జబ్బు తలయెత్తెను. ఉన్నట్లుండి గుండె మితిమీరిన వేగముతో కొట్టుకొనుచుండెను. ఇట్టి వేగము ఒక్కొక్కప్పుడు మరింత చెడి, గుండె క్రింది గదులు పట్టు తప్పి గిలగిల వణకుటకు దారితీయును. అట్లు వణకు గుండె రక్తమును తోయలేదు. కొన్ని నిమిషములలో మనుష్యుడు మరణించును. బలమైన విద్యుత్తును ఒక్క క్షణము ఎదపై ప్రసరింపజేసి ఆ వణకును ఆపవచ్చునని అప్పటికే వైద్యులకు తెలియును. కాని ఆ యంత్రము ఆసుపత్రిలో ఉండును. దానిని ప్రయోగింప నేర్చిన వైద్యుడు ప్రక్కనే ఉండవలెను. హెల్లర్ బ్రతుకంతయు ఆసుపత్రి మంచమున గడుపుట ఎట్లు? వ్యాధి బయటపడిన కొలదికాలమునకే, ఒకనాడు ఇంటివారితో భోజనము చేయుచుండగా ఆయన కూలిపోయి ప్రాణము విడిచెను.

యంత్రము వద్దకు రోగి పోలేకున్నచో యంత్రమునే రోగి శరీరమున అమర్చరాదా అను ఊహ మిరోవ్‌స్కీ మనస్సున అప్పుడు నాటుకొనెను. ఆయన అడిగిన నిపుణులు అది అసాధ్యమని తేల్చిరి. ఆ కాలపు యంత్రము ఒక పెద్ద పెట్టె. దానిని చొక్కా క్రింద ఇమిడిపోవునంతగా చిన్నదిగా చేయవలెను. అంతకంటె కష్టమైనది మరియొకటి కలదు. గుండె ఎప్పుడు తప్పుదారి పట్టినదో ఆ పెట్టె తానే గుర్తింపవలెను. గుర్తింపలేకున్నచో రోగి చచ్చును. పొరపాటుగా గుర్తించినచో మెలకువతో ఉన్న మనుష్యునకు పిడుగువంటి దెబ్బ తగులును.

1968లో ఆయన భార్యాబిడ్డలతో అమెరికాలోని బాల్టిమోరు చేరి, సైనై ఆసుపత్రిలో హృద్రోగుల వార్డునకు అధికారి యయ్యెను. మోర్టన్ మోవర్ అను వైద్యుడు ఆయనకు తోడయ్యెను. 1969లో వారు మొదటి నమూనాను కుక్కపై పరీక్షించిరి. వారి కృషికి పెద్దల నుండి ఆదరణ లభింపలేదు సరికదా, 1972లో బెర్నార్డ్ లౌన్ అను సుప్రసిద్ధుడు మరియొక వైద్యునితో కలసి, ఈ సాధనము అవసరము లేని అసంపూర్ణ ప్రయత్నమని ఒక గొప్ప వైద్యపత్రికలో వ్రాసెను. ఆసుపత్రులలో వాడు విద్యుదాఘాత యంత్రమును తీర్చిదిద్దినవాడు ఆ లౌన్‌యే. ఆయన మాటకు బరువెక్కువ. సామాన్యుడైనచో అంతటితో పని మానుకొనెడివాడే. మిరోవ్‌స్కీ మానలేదు. ఆ సంవత్సరమే పిట్స్‌బర్గ్ ప్రాంతమున వైద్యపరికరములు చేయు స్టీఫెన్ హైల్మన్ సంస్థ ఆయనకు అండగా నిలిచెను.

కొన్నాళ్లకు పెట్టెను కుక్క శరీరమున పూర్తిగా అమర్చగలిగిరి. వారు తీసిన చలనచిత్రము ఒకటి కలదు. కుక్క నిలుచుండును. దాని గుండెను బుద్ధిపూర్వకముగా వణకింతురు. కుక్క కూలిపోవును. కొన్ని సెకనులలో లోని పెట్టె పనిచేయును. కుక్క లేచి తోక ఆడించును. ఆ చిత్రమును చూచిన కొందరు, పడుటకును లేచుటకును కుక్కకు ముందే తర్ఫీదు ఇచ్చినారని అనిరి! అప్పుడు గుండె గతిని చూపు రేఖలను కూడ చిత్రమున చేర్చవలసి వచ్చెను. గుండెకు తర్ఫీదు ఇచ్చినారని ఎవ్వరును అనలేకపోయిరి.

1980 ఫిబ్రవరి 4వ తేదీన బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో లెవీ వాట్కిన్స్ అను శస్త్రవైద్యుడు మొట్టమొదటిసారి ఈ పెట్టెను ఒక స్త్రీ శరీరమున అమర్చెను. ఎదను తెరచి గుండెపై లోహపు తట్టు కుట్టిరి. తీగలను చర్మము క్రిందుగా దింపి, పావుకిలో బరువుగల పెట్టెను కడుపుభాగమున ఇమిడ్చిరి. 1985లో అమెరికా ప్రభుత్వము దీని వాడుకకు అనుమతి నిచ్చెను.

శరీరమున ఒక వస్తువును ఇమిడ్చుట ఒక విద్య. ఇమిడ్చినదానిని తీయుట మరియొక విద్య. తొలినాటి పెట్టెలలోని బ్యాటరీలు కొద్ది యేండ్లకే నీరసించెడివి. చర్మమును కోసి పాత పెట్టెను తీసి, అవే తీగలకు క్రొత్తదానిని తగిలింతురు. ఇది అంత కష్టము కాదు. కాని ఆ చోట సూక్ష్మజీవులు చేరి చీము పట్టినచో పెట్టెను మాత్రము తీసిన చాలదు. తీగలను గూడ పూర్తిగా లాగివేయవలెను. లేనిచో ఆ విషము రక్తమున వ్యాపించి ప్రాణము తీయును. తరువాతి కాలమున ఎదను తెరువకుండ సిర మార్గముననే తీగను గుండెలోనికి పంపు పద్ధతి వచ్చెను. దానివలన అమర్చుట సులభమైనది గాని తీయుట సులభము కాలేదు. ఏండ్లు గడచినకొలది తీగచుట్టు శరీరము గట్టి పొరను అల్లును. చెట్టువేరు రాతిని చుట్టినట్లు తీగ సిరకును గుండెగోడకును అతుకుకొనిపోవును. బలముగా లాగినచో గుండెయే చినుగవచ్చును. పూర్వము పేస్‌మేకరు తీగలను తీయుటకు, తీగ కొనకు బరువు వ్రేలాడదీసి, అది మెల్లగా ఊడివచ్చువరకు రోగిని మంచముపై ఉంచెడివారు. ఇప్పుడు తీగపై సన్నని గొట్టమును తొడిగి, లేసరు కిరణములతో పొరను కరగించుచు ముందునకు సాగుదురు. అయినను, సిర చినిగినచో వెంటనే ఎద తెరచుటకై శస్త్రవైద్యుడు సిద్ధముగా నుండవలసినదే.

కత్తి పట్టుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. పెట్టెలోని విద్యుదాఘాత శక్తిని ఆపివేయవలెను. లేనిచో శస్త్రచికిత్సలో వాడు విద్యుత్తును చూచి, గుండె వణకుచున్నదని అది భ్రమపడి దెబ్బ కొట్టవచ్చును. మరణించినవారి శరీరమునుండి తీయునప్పుడును ఈ జాగ్రత్త తప్పదు, ఏలయన తనను మోసినవాడు గతించినాడని ఆ కావలివానికి తెలియదు. దహనసంస్కారమునకు ముందు దీనిని తీయకున్నచో నిప్పుల వేడికి బ్యాటరీ ప్రేలును. కావున శవమును దహించు ఆచారముగల చోట్ల ఈ సంగతి బంధువులు ముందుగా చెప్పవలెను.

మిరోవ్‌స్కీ తన పెట్టె వేలకొలది రోగుల శరీరములలో కాపుండుటను చూచెను. ఎముకల మూలుగకు సంబంధించిన ఒక విధమైన క్యాన్సరుచే 1990 మార్చి 26వ తేదీన, అరువదియైదవ యేట, ఆయన కన్నుమూసెను. గుండెను కాచు పెట్టె ఆ వ్యాధిని ఏమియు చేయజాలదు.

ఈ సాధనము నేటికిని వెల హెచ్చు. మన దేశమున పేదవానికి అది అందుట దుర్లభము. అమెరికాలో మరణించినవారి శరీరములనుండి కుటుంబముల అనుమతితో తీసినవియు, ఇతర కారణములచే తొలగించినవియు నగు పెట్టెలను, బ్యాటరీలో ఇంకను మూడేండ్లకు తక్కువకాని శక్తి మిగిలియున్నవానిని ఏరి, శుద్ధిచేసి, భారతదేశములోని 81 మంది పేదరోగులకు అమర్చిన వృత్తాంతము 2012లో ఒక వైద్యపత్రికయందు వెలువడెను. వారిలో ఒక్కరికిని ఆ పాత పెట్టెవలన చీము పట్టలేదు. పెక్కుమందికి గుండె గతి తప్పినప్పుడు అది మేలుకొని తన పని తాను చేసెను.